ఆటుకు ఒక లెక్క, పోటుకు ఒక లెక్క: జార్జియా ఉప్పుటేర్లలో లంగరు ఎందుకు జారుతుంది

అమెరికా తూర్పు తీరంలో నడిసముద్రంలోకి వెళ్లకుండానే పడవలో వెయ్యి మైళ్లకు పైగా పోవచ్చు. వర్జీనియాలోని నార్‌ఫోక్ నుంచి మయామీ దాకా సుమారు 1,090 మైళ్లు సాగే ఆ దారి పేరు అట్లాంటిక్ ఇంట్రాకోస్టల్ వాటర్‌వే. నదులు, ఉప్పుటేర్లు, దీవుల వెనకున్న సన్నని పాయలు, వాటిని కలుపుతూ తవ్విన కాలువలు అన్నీ కలిస్తే ఈ దారి. చలికాలానికి ముందు దక్షిణానికి, వేసవికి ముందు ఉత్తరానికి తెరచాప పడవలు, మోటారు పడవలు ఏటా దీని మీదుగానే పోతాయి. అలలు తక్కువ, ఒడ్డు కనుచూపు మేరలోనే ఉంటుంది. అందుకే సులువైన దారి అనుకుని దిగేవాళ్లు ఎక్కువ. ఇక్కడ పడవ మునగడం అరుదు. ఇసుకలో కూరుకుపోవడం, రాత్రికి రాత్రి లంగరు జారి పడవ గట్టు మీదికి ఎక్కడం మాత్రం మామూలే.

ఈ ఇబ్బందుల్లో చాలావాటికి మూలం ఒకటే. లోతు, గొలుసు పొడవు, గాలి, ఒడ్డుకు దూరం అన్నీ లంగరు వేసే సమయానికి సరిచూస్తారు. ఆరు గంటలు గడిచేసరికి వాటిలో ఏదీ అలాగే ఉండదు. ఇది అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది జార్జియా ముక్కలో, అంటే సవానా నది నుంచి ఫ్లోరిడా సరిహద్దులోని సెయింట్ మేరీస్ నది దాకా ఉన్న సుమారు 140 మైళ్లలో.

ఎనిమిది అడుగుల తేడా

ఆటుపోట్ల మధ్య నీటిమట్టం తేడా నార్‌ఫోక్ దగ్గర రెండున్నర అడుగులు, మయామీ దగ్గర రెండడుగులు. జార్జియాలో అది ఏడు అడుగులు. అమావాస్యకు, పౌర్ణమికి తొమ్మిది దాకా పోతుంది. ఇక్కడ తీరరేఖ లోపలికి వంగి ఉంటుంది, తీరం ముందు సముద్రగర్భం చాలా దూరం వరకు లోతు లేకుండా ఉంటుంది. పోటు నీరు గరాటులో పడ్డట్టు ఈ వంపులోకి తోసుకొచ్చి పైకి లేస్తుంది. కాకినాడ తీరంలో పెద్ద పోటు రోజుల్లో కూడా తేడా మీటరున్నర ప్రాంతంలోనే ఉంటుంది కాబట్టి, అక్కడ పెరిగిన కంటికి కూడా జార్జియా ఉప్పుటేరు కొత్తగానే అనిపిస్తుంది. పొద్దున గడ్డి కొసలు తడుపుతున్న నీరు మధ్యాహ్నానికి మనిషి ఎత్తు దిగిపోయి, రెండు పక్కలా నల్లటి బురద గోడలు, వాటికి అతుక్కున్న ఆయిస్టర్ గుల్లలు బయటపడతాయి.

నీరు ఒకే వేగంతో దిగదు. ఒక పోటు నుంచి ఆటుకు ఆరు గంటల పావు. మొదటి గంటలో మొత్తం తేడాలో పన్నెండో వంతు, రెండో గంటలో రెండు వంతులు, మూడు, నాలుగు గంటల్లో మూడేసి, ఐదో గంటలో రెండు, ఆరో గంటలో ఒకటి దిగుతుంది. తేడా ఎనిమిది అడుగులైతే మొదటి గంటలో దిగేది ఎనిమిది అంగుళాలే. మూడో గంటలో రెండడుగులు, నాలుగో గంటలో మరో రెండడుగులు. పోటు నిండుగా ఉన్నప్పుడు లంగరు వేసి, గంట తర్వాత చూసి ఏమంత దిగలేదులే అని నిద్రపోయినవాళ్లు అర్ధరాత్రి పడవ ఒరిగిపోవడంతో లేస్తారు.

ఇప్పుడు ఒక లెక్క. 40 అడుగుల పడవ. నీటిలో ఐదడుగులు దిగుతుంది. నీటిమట్టం నుంచి ముక్కు మీది లంగరు రోలర్ (గొలుసు జారే కప్పీ) నాలుగడుగుల ఎత్తులో ఉంది. ఆటు సమయంలో అక్కడి లోతు పదడుగులు. గొలుసు ఎంత వదలాలో తేల్చడానికి లోతు, రోలర్ ఎత్తు కలిపి ఐదు నుంచి ఏడు రెట్లు అనేది సాధారణ లెక్క. ఆటు వేళ 10, 4 కలిపి 14. దానికి ఏడు రెట్లు 98 అడుగులు. సరిపోయిందనుకుంటారు. ఆరు గంటలు గడిచాక పోటు వచ్చి 14 కాస్తా 22 అవుతుంది. అదే 98 అడుగులు అప్పుడు నాలుగున్నర రెట్లకు కూడా చాలదు. లాగుడు పైవైపుకు మారి లంగరు మొన బురదలోంచి లేవడం మొదలవుతుంది. కాబట్టి రెట్లు ఎప్పుడూ రాబోయే గరిష్ఠ మట్టానికే కట్టాలి: 22కు ఏడు రెట్లు 154 అడుగులు.

అంత గొలుసు వదిలితే రెండో చిక్కు వస్తుంది. ఆటు వేళకు ఆ 154 అడుగులు పదకొండు రెట్లవుతుంది. లంగరు చుట్టూ పడవ తిరిగే వృత్తానికి వ్యాసార్ధం పడవ పొడవుతో కలిపి 190 అడుగులు దాటుతుంది. ప్రవాహం బలంగా ఉన్నంతసేపు భయం లేదు, పడవ ఏటి పొడవునే నిలుస్తుంది. ప్రవాహం ఆగిపోయే అరగంటే ప్రమాదం. అప్పుడు పడవ గాలి మాట వింటుంది, గాలి అడ్డంగా ఉంటే ఏటికి అడ్డం తిరుగుతుంది. ఆటు చివరి అరగంటలో ఏరు అన్నిటికంటే ఇరుకుగా ఉంటుంది, గొలుసు అన్నిటికంటే వదులుగా ఉంటుంది. జార్జియాలో లంగరు వేసిన పడవలు గట్టు మీదికి ఎక్కేది ఎక్కువగా ఆ వేళలోనే. 154 అడుగుల గొలుసుకు దాదాపు 400 అడుగుల వెడల్పు కావాలి. అంత లేనిచోట, వాతావరణం నెమ్మదిగా ఉండి మొత్తం ఇనుప గొలుసే అయితే ఐదు రెట్లకు, అంటే 110 అడుగులకు దిగవచ్చు. అప్పుడు 300 అడుగుల వెడల్పు చాలు. గాలివాన సూచన ఉన్న రాత్రి ఆ రాజీ పనికిరాదు, ఇంకో చోటు వెతుక్కోవాలి.

చార్టులో అచ్చయిన లోతు గురించి కూడా ఒక మాట. రోజూ వచ్చే రెండు ఆటుల్లో దిగువదాన్ని తీసుకుని, ఏళ్ల సగటు కట్టి, అక్కడినుంచి కొలిచిన లోతు అది. సగటు కాబట్టి పౌర్ణమి ఆటు దానికంటే కిందికి పోగలదు. పడవలోని లోతు మీటరు కొలిచేది నీటి పైమట్టం నుంచా, కీల్ (పడవ అడుగున నీటిలోకి దిగే రెక్క) అడుగు నుంచా అన్నది ప్రతి పడవకూ వేరు. అద్దె పడవ తీసుకున్నప్పుడు మొదట కనుక్కోవాల్సింది ఇదే.

లంగరు తిరగబడే వేళ

లోతు మారడం సగం కథ. ఏటిలో నీరు రోజుకు నాలుగుసార్లు దిక్కు మార్చుకుంటుంది. జార్జియా పాయల్లో వేగం రెండు మూడు నాట్లు (ఒక నాటు అంటే గంటకు 1.85 కిలోమీటర్లు) మామూలే. ఉత్తరానికి లాగుతున్న పడవ కాసేపటికి దక్షిణానికి లాగడం మొదలుపెడుతుంది. బురదలో ఒకవైపు దిగిన లంగరు పెకిలి, తిరిగి, రెండోవైపు మళ్లీ దిగాలి. ఇదంతా రాత్రి, ఎవరూ చూడని వేళ, నీటి అడుగున జరగాలి.

ఏ లంగరు ఎలా ప్రవర్తిస్తుందో ఇక్కడే తేలుతుంది. డాన్‌ఫోర్త్ రకానికి రెండు పల్చటి వెడల్పాటి రేకులుంటాయి. ఒకే దిక్కుకు లాగితే ఇసుకలో, మెత్తటి బురదలో దాని బరువుకు మించిన పట్టు ఇస్తుంది. కానీ లాగుడు తిరగబడినప్పుడు రేకులు రెండోవైపుకు స్వేచ్ఛగా మడత పడాలి. తెల్లారి పైకి తీసి చూస్తే రేకులకూ కాడకూ మధ్య ఆయిస్టర్ గుల్ల ఒకటి ఇరుక్కుని, దాని చుట్టూ ముద్దకట్టిన జిగట బురద కనిపిస్తుంది. ఆ గుల్ల ఉన్నంతసేపు రేకులు కదలవు, లంగరు దుక్కి దున్నకుండా నేలమీద పడి జారుతుంది. అందుకే ఇది రెండో లంగరుగా భేష్, ఆటుపోట్ల రాత్రికి ఏకైక లంగరుగా మాత్రం నమ్మదగ్గది కాదు. నాగలి ఆకారపు సీక్యూఆర్, పంజా ఆకారపు బ్రూస్ లంగర్లు తిరగబడితే మళ్లీ దిగుతాయి, కానీ మెత్తటి బురదలో వాటి పట్టు పరిమాణానికి తగ్గట్టు ఉండదు. రోక్నా, మాంటస్, మాన్సన్ సుప్రీమ్ లాంటివాటికి పారలా పుటాకారంగా ఉండే ఒకే రేకు, పైన గుండ్రటి కడ్డీ ఉంటాయి. ఎటు పడినా ఆ కడ్డీ లంగరును దొర్లించి మొనను కిందికి తెస్తుంది. ఆటుపోట్ల ఏట్లో వీటికి డబ్బు పెట్టడం దండగ కాదు. 40 అడుగుల పడవకు 20 కిలోలది సరిపోతుంది, 25 కిలోలదైతే నిద్ర బాగా పడుతుంది.

గొలుసు విషయంలో ఈ ప్రాంతంలో తాడు మీద ఆధారపడటం మంచిది కాదు. ఏటి అంచుల్లో ఆయిస్టర్ గుల్లలు కత్తుల్లా ఉంటాయి, నైలాన్ తాడు దిక్కు మారిన ప్రతిసారీ వాటి మీద ఈడ్చుకుపోతుంది. మొత్తం గొలుసే ఉంటే ఉత్తమం. లేదంటే లంగరు వైపు కనీసం పడవ పొడవంత గొలుసు ఉండాలి. 5/16 అంగుళం మందపు హైటెస్ట్ (ఎక్కువ బలం గల ఉక్కు) గొలుసుకు 3,900 పౌండ్ల పని భారం వేయవచ్చు. 40 అడుగుల పడవ మీద 30 నాట్ల గాలిలో పడే లాగుడును అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ పట్టిక 1,200 పౌండ్లుగా, 42 నాట్లకు 2,400 పౌండ్లుగా లెక్కిస్తుంది. గాలి వేగం రెట్టింపైతే లాగుడు నాలుగింతలవుతుంది కాబట్టి వేసవి సాయంత్రపు ఉరుముల వానకు ఆ గొలుసు బలమంతా కావాలి. గొలుసుకు సాగే గుణం లేదు. 20, 30 అడుగుల నైలాన్ తాడును కొక్కేంతో గొలుసుకు తగిలించి, భారం దాని మీద పడేలా ముక్కు దగ్గర కట్టాలి. లేకపోతే ప్రతి కుదుపూ నేరుగా విండ్‌లాస్ (గొలుసు లాగే యంత్రం) పళ్ల మీద పడుతుంది.

లంగరునూ గొలుసునూ కలిపే షాకిల్ (యు ఆకారపు ఇనుప కొలికి) పిన్ను బిగించి వదిలేస్తే చాలదు. రోజుకు నాలుగుసార్లు మెలి తిరిగే గొలుసు ఆ పిన్నును మెల్లగా విప్పుతుంది. పిన్ను కన్నంలోంచి స్టెయిన్‌లెస్ తీగ దూర్చి, షాకిల్ కాలు చుట్టూ రెండు మూడు చుట్లు వేసి, కొసలు మెలేసి లోపలికి మడవాలి. ఐదు నిమిషాల పని. ఈ తీగ లేక గొలుసు మాత్రమే చేతికొచ్చి లంగరు అడుగున మిగిలిపోయిన పడవలున్నాయి. గొలుసు రెండో కొసను పడవకు తాడుతోనే కట్టాలి, ఆపదలో కత్తితో కోసి పారిపోవడానికి.

గాలి ఒకవైపు, ప్రవాహం ఎదురు వైపు అయినప్పుడు ఇంకో రకం తంటా. లోతైన కీల్ ఉన్న పడవ నీటి మాట వింటుంది, ఎత్తైన క్యాబిన్ ఉన్న మోటారు పడవ గాలి మాట వింటుంది. పక్కపక్కనే లంగరు వేసిన రెండు పడవలు అప్పటిదాకా ఒకే తీరుగా తిరిగినా, ఆ గంటలో ఒకదాని మీదికి ఒకటి వస్తాయి. తెరచాప పడవ తన లంగరునే దాటి ముందుకు పోతుంది, వదులైన తాడు కీల్‌కో చుక్కానికో చుట్టుకుంటుంది. ఫ్లోరిడాలోని సెయింట్ అగస్టీన్ రేవులో ఈ దృశ్యం తరచూ కనిపిస్తుంది. మొత్తం గొలుసైతే నిలువుగా కిందికి వేలాడుతుంది కాబట్టి చుట్టుకునే అవకాశం తక్కువ. తాడే ఉన్నవాళ్లు ఏడెనిమిది కిలోల బరువొకటి తాడు మీదుగా కీల్ లోతు కంటే దిగువకు జార్చాలి.

ఇరుకు ఏట్లో రెండు లంగర్ల పద్ధతి పాతకాలం నుంచీ ఉంది. ఎగువకు ఒకటి వేసి, 200 అడుగులు వెనక్కి జారి రెండోది వేసి, మొదటిదాన్ని 100 అడుగులు లాక్కుంటే పడవ మధ్యలో నిలుస్తుంది. రెండు తాళ్లూ ముక్కుకే కట్టాలి. ఒకటి వెనక కడితే పడవ ప్రవాహానికి అడ్డం పడి లంగర్లు రెండూ లేచిపోతాయి. చోటు కలిసొస్తుంది కానీ దీనికి ఖరీదుంది: దిక్కు మారిన ప్రతిసారీ తాళ్లు పెనవేసుకుంటాయి, చుట్టూ ఒకే లంగరుతో ఉన్న పడవలు పెద్ద వృత్తంలో తిరుగుతూ వచ్చి తగులుతాయి. హఠాత్తుగా కదలాల్సి వస్తే రెంటినీ తీయడానికి అరగంట పడుతుంది. ఒకే లంగరుకు చోటున్నంతవరకు రెండో దాని జోలికి పోకపోవడమే మంచిది.

లంగరు దించే తీరుకు వస్తే, ప్రవాహానికి ఎదురుగా ముక్కు పెట్టి, పడవ పూర్తిగా ఆగాక దించాలి. అడుగు తగిలాక పడవ వెనక్కి జారుతుంటే గొలుసు పరుచుకుంటూ పోవాలి, కుప్పగా పోయకూడదు. అనుకున్న పొడవు వదిలాక రివర్స్ గేర్‌లో ఊరకే తిరిగే వేగంతో మెల్లగా లాగి ఆపాలి. మెత్తటి బురదలో లంగరు తన బరువుతో దిగడానికి సమయం కావాలి, పావుగంట ఇరవై నిమిషాలు వదిలేయాలి. ఆ తర్వాతే రివర్స్‌లో మెల్లగా వేగం పెంచి, ఒడ్డున రెండు చెట్లను ఒకదాని వెనక ఒకటి పెట్టుకుని అర నిమిషం చూడాలి. చెట్లు విడిపోతే జారుతున్నట్టే. ఆదరాబాదరాగా మొదటే గట్టిగా లాగితే బురదలో గాడి పడుతుంది, లంగరు ఆ గాడిలోనే జారుతూ వస్తుంది.

ఫోన్‌లో పెట్టుకునే లంగరు అలారంలో అందరూ చేసే తప్పొకటి ఉంది. గొలుసంతా వదిలి, పడవ నిలిచాక అలారం నొక్కుతారు. అప్పుడు వృత్తానికి కేంద్రం పడవ అవుతుంది, లంగరు కాదు. దిక్కు మారగానే పడవ 300 అడుగులు అవతలికి పోయి అలారం మోగుతుంది. రెండుసార్లు అలా లేచాక మూడోసారి దాన్ని ఆపేసి పడుకుంటారు. లంగరు అడుగు తాకిన క్షణానే స్థానం గుర్తించి, గొలుసు పొడవు, పడవ పొడవు, పైన ఇరవై ముప్పై అడుగులు కలిపి వ్యాసార్ధం పెట్టాలి.

చుట్టూ కనిపించే తెల్లటి దీపం రాత్రంతా వెలగాలన్నది నియమం. తెరచాప పడవల్లో అది 50, 60 అడుగుల స్తంభం కొసన ఉంటుంది. రొయ్యల వేటకు పోయే పడవ నడిపేవాడి చూపు ఆ ఎత్తుకు పోదు. డెక్ మీద మనిషి ఎత్తులో ఇంకో దీపం పెట్టడం ప్రాణాలు కాపాడే ఖర్చు.

ఇసుక ఎక్కడ మేట వేస్తుంది

ఈ జలమార్గాన్ని అమెరికా సైన్యపు ఇంజినీరింగ్ విభాగం, ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్, నిర్వహిస్తుంది. నార్‌ఫోక్ నుంచి ఫ్లోరిడాలోని ఫోర్ట్ పియర్స్ దాకా 12 అడుగులు, అక్కడినుంచి మయామీ దాకా పది అడుగుల లోతు ఉండాలని కాగితం మీద ఉంది. వాణిజ్య పడవలు తక్కువ కాబట్టి పూడిక తీతకు నిధులూ తక్కువే. జార్జియాలో వెర్నన్, ఒగీచీ నదులను కలిపే హెల్ గేట్, ఆల్టమహా సౌండ్‌కు (నది సముద్రంలో కలిసే వెడల్పాటి మొగ) ఉత్తరాన లిటిల్ మడ్ రివర్, జెకిల్ దీవి వెనకున్న జెకిల్ క్రీక్ పేరుమోసిన ఇరుకులు. ఐదడుగులు దిగే పడవ వీటిని ఆటు వేళ దాటాలనుకోకూడదు. సగం పోటు దాటాక, నీరు ఇంకా పెరుగుతుండగా ప్రవేశిస్తే, తగులుకున్నా పావుగంటలో నీరే ఎత్తుతుంది.

సముద్రంలోకి తెరుచుకునే మొగలను దారి అడ్డంగా దాటే చోట్ల మేటలు ఖాయం. రెండు దిక్కుల నుంచి వచ్చే నీరు అక్కడ కలిసి నెమ్మదిస్తుంది, మోసుకొచ్చిన ఇసుక దింపేస్తుంది. తుపాను తర్వాత మేట చోటు మారుతుంది. అంతర్వేది మొగలో సరంగులు పోటు కోసం ఎందుకు ఆగుతారో, నార్త్ కరోలినాలోని లాక్‌వుడ్స్ ఫాలీ దగ్గర కూడా అందుకే ఆగాలి. చార్టులోని ముదురు గులాబీ గీత దారిని సూచిస్తుందే తప్ప లోతుకు హామీ కాదు. దారి చూపే తేలే గుర్తులైన బోయలను కోస్ట్ గార్డ్ ఇసుకను బట్టి జరుపుతుంది. గీతకూ బోయకూ తేడా వస్తే బోయనే నమ్మాలి.

ఇలాంటి చోట్ల రంగులు కూడా తికమక పెడతాయి. సముద్రం నుంచి లోపలికి వచ్చే పడవకు ఎరుపు కుడివైపు. జలమార్గంలో దక్షిణానికి పోయే పడవకూ ఎరుపు కుడివైపే. ఈ రెండు దారులు ఒకదాన్నొకటి దాటే చోట, ఒకే ఎర్ర బోయ రెండు వేర్వేరు అర్థాలు ఇవ్వవచ్చు. అప్పుడు చూడాల్సింది బోయ మీది పసుపు గుర్తును. పసుపు త్రికోణం ఉంటే, బోయ ఏ రంగుదైనా, దక్షిణానికి పోయేటప్పుడు కుడివైపు ఉంచాలి. పసుపు చతురస్రం ఉంటే ఎడమ వైపు. అడ్డ ప్రవాహం పక్కకు నెడుతున్నా ముందున్న బోయ వైపే ముక్కు పెట్టి పోతుంటే తేడా తెలియదు. వెనక్కి తిరిగి, దాటొచ్చిన బోయకు మన దారి ఎంత పక్కకు జరిగిందో చూడాలి.

తగులుకున్న వెంటనే చేతులు యాక్సిలరేటర్ మీదికి పోతాయి. ముందుకు తోస్తే ఇంకా పైకెక్కుతుంది. గట్టిగా రివర్స్ చేస్తే ప్రొపెల్లర్ తోసిన ఇసుక కీల్ చుట్టూ చేరుతుంది, ఇంజన్ బురద నీరు పీల్చి వేడెక్కుతుంది. గేర్ తటస్థంలో పెట్టి మొదట పోటు పట్టిక చూడాలి. నీరు పెరుగుతుంటే చిన్న పడవలో రెండో లంగరును లోతు వైపు తీసుకెళ్లి వేసి, తాడు బిగించి ఆగితే చాలు. అలా చేయకపోతే పెరిగే నీరు, గాలి కలిసి ఇంకా పైకి నెడతాయి. తగ్గుతుంటే చేతిలో ఉన్నవి పది నిమిషాలే: వచ్చిన దారినే మెల్లగా వెనక్కి, మనుషులందరూ ఒక పక్కకు చేరి పడవను ఒరిగించి, లంగరు తాడును వించ్‌తో (తాడు బిగించే గిలక) లాగి ప్రయత్నించాలి. కాకపోతే పడవను గట్టు వైపుకే ఒరగనివ్వాలి. లోతు వైపు ఒరిగితే తిరిగొచ్చే పోటు పడవ లేవకముందే కాక్‌పిట్‌లోకి (పడవ నడిపేవాళ్లు కూర్చునే గుంట) దూరుతుంది. కిటికీలు మూసి, ఇంధన ట్యాంకు గాలి గొట్టం ఏ పక్కన ఉందో చూసుకోవాలి.

సాయం పిలిస్తే, తాడు అందుకోకముందే ఇది మామూలు లాగింపా, సాల్వేజా (ఆపదలోంచి పడవను కాపాడే పని) అని స్పష్టంగా అడిగి సమాధానం తెలుసుకోవాలి. లాగింపు చాలామందికి పడవలు లాగే సంస్థ సభ్యత్వంలోనే వస్తుంది. సాల్వేజ్ అయితే పడవ విలువను బట్టి రుసుము అడిగే హక్కు వాళ్లకుంటుంది.

పీతల బుట్టల తాడు ప్రొపెల్లర్‌కు చుట్టుకుని ఇంజన్ ఆగిపోయినా, మరే కారణంతో ఆగినా, మొదటి పని లంగరు వేయడం. రెండు నాట్ల ప్రవాహం నిమిషానికి 200 అడుగులు లాక్కుపోతుంది, ఇంజన్ మూత తెరిచి చూసే లోపు గట్టు వస్తుంది. అందుకే దారిలో ఉన్నప్పుడు లంగరును కట్టేసే తాడు చేత్తో లాగితే ఊడేలా ఉండాలి. చుట్టుకున్న తాడు కోయడానికి నీటిలో దిగడం ప్రవాహం ఆగిన వేళ మాత్రమే, తాళం చెవి తీసి, నడుముకు తాడు కట్టుకుని.

తెల్లారి లంగరు రాకపోతే విండ్‌లాస్‌తో పోరాడకూడదు, మోటారు కాలుతుంది. మునిగిన దుంగలు ఈ ఏర్ల అడుగున చాలా ఉంటాయి. ఆటు చివర గొలుసును నిలువుగా బిగించి క్లీట్‌కు (డెక్ మీది తాడు కట్టే కొమ్ము) కట్టి ఆగితే పెరిగే నీరే పడవను ఎత్తుతూ లంగరును పెకిలిస్తుంది. ఆ సమయమంతా ఒకరు ముక్కు దగ్గరే ఉండి, ముక్కు అరడుగుకు మించి కిందికి దిగితే గొలుసు వదిలేయాలి. అప్పటికీ రాకపోతే గొలుసు కొసకు ఫెండర్ (పడవ పక్కన వేలాడదీసే గాలి తిత్తి) కట్టి నీటిలో వదిలి, స్థానం రాసుకుని, డైవర్‌తో తిరిగి రావచ్చు.